చలికి కాపలా

తలుపన్న అనే పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. కోల్డ్ స్టోరేజిలో ఇరవై ఆరేళ్ళుగా "తలుపు, తలుపు!" అని వచ్చేవాళ్ళ మీదా పోయేవాళ్ళ మీదా అరిచి అరిచి సంపాదించుకున్నది. ఎక్కడైనా తలుపు బెత్తెడు ఓరగా కనిపిస్తే చాలు, మనిషి గిలగిల్లాడిపోతాడు. ఇంట్లో అలమర తలుపు సరిగ్గా పడకపోయినా అంతే, తింటున్నవాడు ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి మోచేత్తో నెట్టి వస్తాడు. ఇదేదో జబ్బేమోనని భార్య మొదట్లో బెంగపెట్టుకుంది గానీ, తర్వాత తర్వాత ఆవిడకీ అలవాటైపోయింది.

ఆ కోల్డ్ స్టోరేజిలో నాలుగు గదులున్నాయి. ఒక్కో తలుపూ జానెడు మందం. లోపల కప్పుదాకా బంగాళాదుంపల బస్తాలు. అవి వండుకునే దుంపలు కావు, వచ్చే పంటకి నాటడానికి రైతులు దాచుకున్న విత్తనపు దుంపలు. నాలుగు డిగ్రీల్లో ఉంచితే బుద్ధిగా నిద్రపోతాయి. అంతకన్నా వేడి తగిలితే లేచి కూర్చుని మొలకలు వేస్తాయి, లేదంటే కుళ్ళిపోతాయి. బస్తాల నడిమధ్యన ఒక తీగ వేలాడుతుంటుంది. అది లోపల ఎంత వేడుందో పసిగట్టి, బయట తలుపు పక్కనున్న మీటరులో అంకె చూపిస్తుంది. పొద్దున్నే ఆ నాలుగు అంకెలూ చూసుకున్నాకే తలుపన్నకి టీ గొంతు దిగుతుంది.

సోమవారం పొద్దున మూడో గది మీటరు తొమ్మిది చూపించింది.

తలుపన్న మీటరుని వేలితో కొట్టి చూశాడు. తొమ్మిదే. కళ్ళు తుడుచుకుని చూశాడు. ఇంకా తొమ్మిదే. అప్పుడు పెట్టిన కేకకి మేనేజరు చేతిలో టిఫిను డబ్బాతోనే పరిగెత్తుకొచ్చాడు. మెకానిక్కు వచ్చి మిషన్లన్నీ చూసి, వాటికేం రోగం లేదని చెప్పి వెళ్ళిపోయాడు. మిషన్లది తప్పు కాకపోతే ఇక మిగిలింది తలుపే. ఆదివారం తలుపన్నకి సెలవు, ఆ తలుపు దగ్గర డ్యూటీ చెల్లెమ్మది.

చెల్లెమ్మ అంటే తలుపన్నకి తోడబుట్టినదేం కాదు. రెండేళ్ళ కిందట పనిలో చేరిన మొదటిరోజే "అన్నయ్యా" అని పిలిచింది, అప్పట్నుంచి స్టోరేజి మొత్తానికీ ఆవిడ చెల్లెమ్మే అయిపోయింది. ముప్పై అయిదేళ్ళ మనిషి. కాస్త పొట్టి. ఇల్లు నడిచేది ఆవిడ ఒక్కదాని జీతం మీదే. పనంతా తలుపన్నే దగ్గరుండి నేర్పాడు. తలుపుకి కింద ఒక గడియ, పైన ఒక గడియ. పైది తలుపన్నకి నిలబడే అందుతుంది, చెల్లెమ్మకి అందదు. అందుకని ఇంటి దగ్గర్నుంచి ఒక ఎత్తుపీట తెచ్చి పెట్టుకుంది.

సోమవారం పొద్దున ఆ పీట మూడో గది తలుపుకి ఆనుకుని ఉంది.

"తలుపుకి అడ్డంపెట్టి చల్లగాలి పోసుకుందేమో," అన్నాడు హమాలీల్లో ఒకడు. నోటికొచ్చిన మాటే, కానీ అందరి చూపులూ పీట మీదికి పోయాయి.

"నేను వేశానండీ. రెండు గడియలూ వేశాను," అంది చెల్లెమ్మ.

మేనేజరు ఆవిడకేసి చూడలేదు. తలుపన్న వైపు తిరిగాడు. "ఇరవై ఆరేళ్ళ అనుభవం నీది. నువ్వు చెప్పు. తలుపు వేసే ఉంటే అయిదు డిగ్రీలు ఎలా పెరుగుతుంది?"

తలుపన్నకి ఈ ప్రశ్నలో ఆలోచించాల్సిందేమీ కనిపించలేదు. "పెరగదండీ. తలుపు తెరిచి ఉంటే తప్ప చలి ఎక్కడికీ పోదు," అన్నాడు.

"అన్నయ్యా!" అంది చెల్లెమ్మ. శుక్రవారం విచారణ అని, అందులో తప్పు తేలితే పనిలోంచి తీసేస్తామని, అందాకా ఇంటి దగ్గరే ఉండమని మేనేజరు చెప్పేశాడు. ఆవిడ పీట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తలుపన్నకి జాలేసింది, కోపమూ వచ్చింది. ఇంత నేర్పితే తలుపు తెరిచి పెడుతుందా అని ఆ రోజంతా సణుగుతూనే ఉన్నాడు.

బుధవారం కోడలి బడికి వెళ్ళాల్సి వచ్చింది. కోడలు ఏడో తరగతికి సైన్సు టీచరు. "శక్తి వనరులు, ఉష్ణ ప్రసారం" అనే పాఠం నడుస్తోంది. పుస్తకంలో బొమ్మలు చూసి చూసి పిల్లలు ఆవులిస్తున్నారు, ఇంట్లోనే ఇంత అనుభవమున్న మనిషిని పెట్టుకుని బొమ్మలెందుకని ఆవిడకి అనిపించింది. "మీరు వచ్చి పావుగంట మాట్లాడండి మావయ్యగారూ, చాలు," అని పదిరోజులుగా వెంటపడుతోంది. తలుపన్న పైకి బెట్టు చేశాడు గానీ, మంగళవారమే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. పైన డ్యూటీలో వేసుకునే ఉన్ని కోటు కూడా తగిలించాడు. ఎండలో ఆ కోటుతో నడిచి వెళ్ళేసరికి చొక్కా ఇస్త్రీ కాస్తా చెమటకి పోయింది, అది వేరే సంగతి.

తరగతిలో నలభై మంది పిల్లలు. తలుపన్న మొదట కాస్త తడబడ్డా, తర్వాత అందుకున్నాడు. "చలి ఉందే, అది మహా దొంగబుద్ధిది. సందు దొరికితే చాలు జారిపోతుంది. దాన్ని పట్టి ఉంచడమే నా పని. మొన్న శనివారం మూడో గదికి కొత్త బస్తాలొచ్చాయి. వరసకీ వరసకీ మధ్య సందులు వదులుతామన్నారు హమాలీలు. పాత మేస్త్రీ అలాగే వదిలేవాడట! ఆయన పోయిన నెలలో రిటైరయ్యాడులే. ఎందుకురా, చలి షికారు తిరగడానికా అని, ఆ సందులన్నింట్లో ఖాళీ గోనె సంచులు చుట్టలు చుట్టి కుక్కించేశాను. చీమ దూరదు!"

పిల్లలు చప్పట్లు కొడతారనుకున్నాడు. ఒక్కరూ కొట్టలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు బెంచీలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"తాతగారూ, చలి అనేది లేదండీ."

"లేకపోవడమేంటమ్మా?"

"వేడే ఉంటుందండీ. వేడి తక్కువైతే చలి అంటాం. అంతేనండీ. చలి బయటికి పోదు, వేడే లోపలికొస్తుంది."

తలుపన్న నవ్వేశాడు, పిల్లలు కదా అని. నవ్వుతూ కోడలి వైపు చూశాడు. కోడలు మాత్రం నవ్వడం లేదు. ఆవిడ మొహంలో మొహమాటం కనిపించేసరికి తలుపన్న నవ్వు సగంలో ఆగింది.

"మావయ్యగారూ, అది నిజమేనండీ. వేడి ఎప్పుడూ వేడిగా ఉన్న చోటు నుంచి చల్లగా ఉన్న చోటికి పోతుంది. చలి అని వేరే వస్తువేం లేదు."

"మరి తలుపు తీస్తే నా పాదాలు జివ్వుమంటాయి కదమ్మా! ఇరవై ఆరేళ్ళుగా నా కాళ్ళే సాక్ష్యం."

"అది చల్లగాలండీ. కింద నుంచి చల్లగాలి బయటికి పోతుంది, పై నుంచి వెచ్చగాలి లోపలికి వస్తుంది."

"అదే నేనూ అంటున్నది! పోతోందిగా!"

"చల్లగాలి పోతుందండీ. చలి పోదు."

తలుపన్నకి బుర్ర గిర్రున తిరిగింది. చల్లగాలి పోతుంది, చలి పోదు. మనిషి పోతాడు గానీ ఆయన పోడు అన్నట్టుంది. నలుగురిలో కోడల్ని కాదనలేడు, అలాగని ఒప్పుకోనూ లేడు. మింగలేక కక్కలేక బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

కోడలు తెలివైన మనిషి, మావగారి ఇబ్బంది కనిపెట్టింది. "మీ కోటు ఒకసారి ఇస్తారా?" అని అడిగి, డబ్బాలోంచి రెండు ఐసు ముక్కలు తీసింది. ఒకటి ఉత్త పళ్ళెంలో పెట్టింది. రెండోది చిన్న గిన్నెలో వేసి, గిన్నెని కోటులో చుట్టింది. "ఏది ముందు కరుగుతుంది?"

సగం మంది కోటులోదే అని అరిచారు. కోటు వెచ్చగా ఉంటుంది కదా! తలుపన్నకి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. ఇది ఆయనకి కొట్టిన పిండి. వయసులో ఉండగా ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు, రంపపు పొట్టులో కప్పిన దిమ్మ ఎన్నాళ్ళుంటుందో తెలుసు. "పళ్ళెంలోదే ముందు పోతుంది. చూస్కోండి," అన్నాడు. కాసేపటికి చూస్తే అంతే అయింది. పిల్లలు ఈసారి నిజంగానే చప్పట్లు కొట్టారు.

"ఎందుకో చెప్పండి తాతగారూ," అంది రెండు జడల పిల్ల.

"కోటు చలిని బయటికి పోనివ్వదు."

"మరి మనం తొడుక్కుంటే?"

"అప్పుడు చలిని లోపలికి రానివ్వదు."

"కోటుకెలా తెలుస్తుందండీ, ఎప్పుడు పోనివ్వకూడదో ఎప్పుడు రానివ్వకూడదో?"

తరగతంతా గొల్లుమంది. తలుపన్నకి చెవులు కాలిపోయాయి. కోటుకేమీ తెలియదని, అది వేడిని అటూ ఇటూ కదలనివ్వకుండా అడ్డుకుంటుందని, లోపల మనిషుంటే ఆ మనిషి వేడి బయటికి పోదని, లోపల ఐసుంటే బయటి వేడి లోపలికి రాదని కోడలు విడమరిచి చెప్పింది. తర్వాత బోర్డు మీద ఉష్ణ వహనం, సంవహనం, వికిరణం అని మూడు మాటలు రాసింది. ఉడికే కూరలో పెట్టిన గరిటె కాడదాకా వేడెక్కడం మొదటిది. నీళ్ళూ గాలీ తిరుగుతూ వేడిని మోసుకెళ్ళడం రెండోది. ఎండ దూరం నుంచే తగలడం మూడోది. తలుపన్న ఒక్కో మాటనీ పెదాలతో పలికి చూసుకున్నాడు, మూడోదానికొచ్చేసరికి మొదటిది జారిపోయింది.

"ఇప్పుడు శక్తి వనరులు. వేడి ఎక్కడెక్కడ పుడుతుంది?" అని అడిగింది కోడలు. పిల్లలు పోటీలుపడి అరిచారు. సూర్యుడు, కట్టెలు, బొగ్గు, గ్యాసు, కరెంటు. "మనం కూడా! తిన్న తిండితో!" అన్నాడొకడు. కోడలు బీరువాలోంచి రెండు ఫ్లాస్కులు తీసింది. ఒకదాంట్లో నానబెట్టి మొలకెత్తించిన బఠానీలు, రెండోదాంట్లో ఉడకబెట్టి చల్లార్చిన బఠానీలు. రెండింటికీ మూత బిగించి, మధ్యలోంచి థర్మామీటరు గుచ్చి ఉంది. నిన్న పొద్దున రెండింట్లోనూ ఒకటే అంకె. ఇవాళ ఉడకబెట్టిన వాటిది అలాగే ఉంది. మొలకలది ఆరు డిగ్రీలు పెరిగింది.

తలుపన్న ముందుకి వంగి చూశాడు. "దీని మూత ఊడి ఉంటుంది," అన్నాడు.

"లేదండీ, మేమే బిగించాం," అన్నారు పిల్లలు.

"రాత్రి ఎవరో తీసి ఉంటారు."

"బీరువాకి తాళం వేసే ఉందండీ మావయ్యగారూ. మూత తియ్యక్కర్లేదు. ఇవి బతికున్న గింజలు. ఊపిరి పీలుస్తాయి, ఆ పనిలో వేడి పుడుతుంది. మూత బిగించి ఉంది కాబట్టే ఆ వేడి లోపలే పోగుపడింది."

మూత బిగించి ఉన్నా పెరిగింది! తలుపన్న ఆ ఫ్లాస్కు వైపే చూస్తూ ఉండిపోయాడు. సోమవారం తను మేనేజరుతో అన్న మాట గుర్తొచ్చింది.

"అమ్మా, దుంపలు కూడానా?" అని అడిగాడు నెమ్మదిగా.

"దుంపలు కూడానండీ. చల్లగా ఉంచితే తక్కువ, అంతే. నిద్రపోయేవాళ్ళు ఊపిరి పీల్చడం మానేయరు కదా." కోడలు ఒక్క క్షణం ఆగింది. "ఆ గోనె సంచులు..." అని ఏదో అనబోయి, పిల్లల్ని చూసి ఊరుకుంది.

ఇంటికొచ్చి తలుపన్న ఫ్రిజ్జు తలుపు తెరిచి దాని ముందు చతికిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన తెరిచి వదిలేసిన మొదటి తలుపు అదే. భార్య వచ్చి చూసి హడలిపోయింది.

"ఏమయ్యిందండీ? ఒంట్లో బాగాలేదా?"

"ఇందులోంచి ఏం వస్తోందో చెప్పు."

"చలి."

"కాదు. చలి లేదు."

భార్య చెయ్యి పెట్టి చూసింది. "బాగానే ఉందిగా!"

"ఉన్నట్టుంటుంది. లేదు. వేడే లోపలికి పోతోంది. నా వేడీ, నీ వేడీ, ఈ గది వేడీ అంతా."

"నా వేడి లోపలికి పోవడమేంటండీ, పాలు విరిగిపోవూ?" అని ఆవిడ టక్కున తలుపు మూసేసింది. "బడికెళ్ళి పిల్లలకి చెప్పి రమ్మంటే, మీ బుర్ర అక్కడే పెట్టేసి వచ్చారా?"

"నువ్విప్పుడు తలుపెందుకు మూశావు? చలి పోతుందనా, వేడొస్తుందనా?"

"పాలున్నాయని మూశాను. లేచి కాళ్ళు కడుక్కోండి."

ఆవిడకున్నంత తేటతనం తలుపన్నకి లేకపోయింది. వేడి ఒకటే ఉన్నప్పుడు ఇన్నేళ్ళూ తను కాపలా కాసింది దేనికి? లేని దాన్ని పారిపోకుండా పట్టుకున్నాడా? పోనీ, ఎటు నుంచి చెప్పుకున్నా తలుపు వెయ్యాల్సిందేగా! పేరు ఏదైతేనేం, పని ఒకటేగా! అలా సర్దిచెప్పుకుని, హమ్మయ్య అనుకునేలోపే ఫ్లాస్కు గుర్తొచ్చేది. పని ఒకటి కాదు. చలి పారిపోతుందనుకున్నవాడు సందులు మూస్తాడు. లోపలే వేడి పుడుతుందని తెలిసినవాడు సందులు తెరుస్తాడు. ఆలోచన అక్కడికి వచ్చేసరికి తలుపన్న దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాడు. దుప్పట్లో వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం దుప్పటిది కాదు, తనదే. అదీ గుర్తొచ్చి, దుప్పటి తీసి అవతల పారేశాడు.

గురువారం డ్యూటీకి రాగానే మీటరు చూశాడు. తొమ్మిదిన్నర. సోమవారం నుంచి ఆ తలుపు తన చేతుల్లోనే ఉంది, బడికెళ్ళిన పూట కూడా తాళం వేసుకునే వెళ్ళాడు. పని లేనిదే తెరవలేదు, తెరిచినా పట్టుమని పది అంకెలు లెక్కపెట్టేలోపు మూశాడు. చెల్లెమ్మ ఆ ఛాయలకే రాలేదు. అయినా అర డిగ్రీ పెరిగింది.

లోపలికి వెళ్ళాడు. బస్తాల పైన చెయ్యి వేస్తే చల్లగా ఉంది. పక్కన, కింద, అంతా చల్లగానే ఉంది. కాస్త ధైర్యమొచ్చింది. తర్వాత రెండు వరసల మధ్య తను కుక్కించిన గోనె చుట్ట ఒకటి లాగాడు. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. మూడూ లాగి, కోటు చెయ్యి పైకి మడిచి, భుజందాకా చెయ్యి లోపలికి దూర్చాడు.

లోపల వెచ్చగా ఉంది. రాత్రి ఆయన పారేసిన దుప్పట్లో ఉన్నట్టే ఉంది.

చెయ్యి వెనక్కి తీస్తుంటే ఒక బస్తా కన్నంలోంచి వేలికి మెత్తగా ఏదో తగిలింది. గిల్లి బయటికి తెచ్చి చూశాడు. తెల్లటి మొలక, చిటికెన వేలి గోరంత. తలుపన్న బస్తాల పక్కనే కూలబడ్డాడు. దుంపలు నిద్రలో ఊపిరి పీల్చుకుంటూ ఉన్నాయి. ఆ వేడిని మోసుకుపోవడానికి గాలి తిరగాలి, గాలి తిరగడానికి పాత మేస్త్రీ సందులు వదిలేవాడు. ఆ సందులన్నీ మూయించి, దుంపలకి ఉన్ని కోటు తొడిగి, చీమ దూరదని బడిపిల్లల ముందు గొప్పలు చెప్పుకున్నది తనే.

అంత తేటగా అర్థమైందని అనుకోకండి. అర్థమైన మరుక్షణమే ఆయన బుర్ర అడ్డదారులు వెతకడం మొదలుపెట్టింది. ఏమో, ఆదివారం తలుపు కూడా తెరిచి ఉంచిందేమో! రెండూ జరిగి ఉండొచ్చుగా! ఈ చుట్టలన్నీ చప్పుడు కాకుండా తీసేస్తే మీటరు దానంతటదే దిగుతుంది, ఎవరికీ తెలియదు. రేపు విచారణలో ఏమీ చెప్పకుండా కూర్చుంటే సరి. చెల్లెమ్మ పని పోతుంది, అంతేగా. అంతేగా అనుకున్నాక మాత్రం తన మీద తనకే అసహ్యం వేసింది. చుట్టల్ని మళ్ళీ సందులో పెట్టలేదు, బయటికి తీసుకెళ్ళి దాచనూ లేదు. అక్కడే నేల మీద వదిలేసి వచ్చాడు.

శుక్రవారం మేనేజరు గదిలో చెల్లెమ్మ గోడవారగా నిలబడి ఉంది. నాలుగు రోజుల్లో మొహం పీక్కుపోయింది. మేనేజరు కాగితం ముందు పెట్టుకుని కలం మూత తీశాడు. తలుపన్న లోపలికి మూడు గోనె చుట్టల్ని మోసుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టాడు. దుమ్ము లేచి మేనేజరు తుమ్మాడు.

"ఏంటిది?"

"కోటండీ."

"కోటా?"

"దుంపలకండీ. నేనే తొడిగాను." మొదలుపెట్టడమే వంకరగా మొదలైంది. బఠానీలన్నాడు, ఫ్లాస్కన్నాడు, మూత బిగించే ఉందన్నాడు, కోటుకి ఏమీ తెలియదన్నాడు. మేనేజరు కళ్ళు తేలేసి వింటున్నాడు. చివరికి చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆగాగు. సోమవారం నువ్వేగా చెప్పావు, తలుపు తెరవందే చలి పోదని?"

"అప్పుడు చలి ఉందనుకున్నానండీ."

"ఇప్పుడు లేదా?"

"లేదటండీ."

మేనేజరు తల పట్టుకున్నాడు. తలుపన్న ఇక ఫ్లాస్కుల్నీ కోటుల్నీ వదిలేసి, ఊపిరి పీల్చుకుని సూటిగా చెప్పాడు. "సందులు మూయించింది నేనండీ. గాలాడక దుంపల వేడి దుంపల్లోనే ఉండిపోయింది. మీరు వచ్చి చెయ్యి పెట్టి చూడండి. తలుపు తప్పేం లేదు. ఈవిడ తప్పసలు లేదు. సోమవారం నేనన్న మాట తప్పు."

మేనేజరు వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. వెంటనే హమాలీల్ని పిలిచాడు. సాయంత్రానికల్లా సందులన్నీ తెరుచుకున్నాయి. శనివారం మీటరు ఏడుకి దిగింది, సోమవారానికి నాలుగుకొచ్చి కూర్చుంది. మధ్య వరసల్లో మొలకెత్తిన బస్తాలు కొన్ని బయట పారబోయాల్సి వచ్చింది. తలుపన్నని ఉద్యోగంలోంచి తియ్యలేదు గానీ, తలుపు దగ్గర్నుంచి తీసేశారు. ఇకమీదట ఆయన పని కర్ర పట్టుకుని బస్తాల మధ్య సందులు కొలవడం. తలుపులు చెల్లెమ్మకిచ్చారు, నాలుగు గదులవీ.

సోమవారం ఆవిడ వచ్చేసరికి తలుపన్న పీటని తడిగుడ్డతో తుడిచి మూడో గది ముందు పెట్టి ఉంచాడు. ఆవిడ పీటని చూసింది, ఆయన్ని చూసింది.

"చెల్లెమ్మా," అన్నాడు. "నాకు తెలీలేదమ్మా. ఈ వేడీ, చలీ... పుస్తకంలో అంతా వేరేగా ఉంది. ఇప్పటికీ సగం తలకెక్కలేదు. తెలిసుంటే ఆ మాట అనేవాణ్ణి కాదు."

"తెలుసుకున్నారుగా," అంది.

రెండేళ్ళుగా నోరారా నువ్వు అని పిలిచిన మనిషి ఇవాళ మీరంది.

"చలి గురించి తెలుసుకున్నారు, వేడి గురించి తెలుసుకున్నారు, దుంపల ఊపిరి గురించి కూడా తెలుసుకున్నారు. మంచిదేనండీ. ఆ రోజు నేను అక్కడే నిలబడి ఉన్నాను. తలుపు వేశావా అని నన్నొక్క మాట అడగడానికి ఏ పుస్తకం చదవాలి?"

తలుపన్న బోర్డు మీది మాటలు గుర్తుచేసుకున్నాడు. వహనం, సంవహనం, మూడోదేదో. వాటిలో ఎక్కడా ఆ సంగతి లేదు. కర్ర తీసుకుని తలొంచుకుని గదిలోకి వెళ్ళాడు. లోపల మనిషున్నా తలుపు వేసేయడమే అక్కడి పద్ధతి, తడితే తీస్తారు; వెనక ఆవిడ తలుపు లాగింది. కింది గడియ పడిన చప్పుడైంది. తర్వాత కాస్త ఆగి, పీట నేల మీద జరిగిన కీచుమనే శబ్దం, దాని మీదికి ఎక్కిన అడుగులు. చివరికి టక్కుమని పై గడియ పడింది.

తలుపన్న చీకట్లో సందుల మధ్య నిలబడిపోయాడు. పీట తలుపుని తెరిచి పెట్టడానికి కాదు, పై గడియ వెయ్యడానికి. పోయిన సోమవారం పొద్దున అది తలుపుకి ఆనుకుని ఉందంటే, ఆవిడ ఎక్కి వేసిందనే. ఆ చప్పుళ్ళు ఆయనకి కొత్త కాదు, రెండేళ్ళుగా రోజూ వింటున్నవే.